ఇంటికొక ముక్కు

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి ఊరంతా చెప్తుంది, నేనూ ఒప్పుకుంటాను. పలమనేరు నుంచి ఆటోలో అరగంట పోతే వచ్చే పాడి ఊరు మాది. నేను పుట్టిందీ మెట్టిందీ ఆ ఊర్లోనే. చాలా ఏళ్ళుగా అక్కడే ఆశా కార్యకర్తను. కాన్పుకు ఆస్పత్రికి తోడు పోవాలన్నా, చంటిబిడ్డకు టీకా వేయించాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. నేను నాలుగు తిడితే గానీ ఏ పనీ జరగదని వాళ్ళకూ తెలుసు. మాత్రలు మింగలేదని గర్భిణీలను తిట్టాను. నెలలు నిండిన కోడళ్ళను గడ్డి కోయడానికి పంపారని అత్తల్ని తిట్టాను. కాలవ తీయించలేదని ఒకసారి ఊరి పెద్దమనిషినే నడివీధిలో నిలబెట్టి కడిగేశాను. ఎవరూ మనసులో పెట్టుకోలేదు. నేను వెళ్ళిపోయాక నవ్వుకునేవాళ్ళు, తర్వాత చెప్పిన పని చేసేవాళ్ళు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మాత్రం నన్ను చూస్తే తలుపులు పడేవి. నేను వీధి మలుపు తిరిగానంటే దగ్గేవాళ్ళు దగ్గు మింగేసేవాళ్ళు. రోజూ ఇంటింటి సర్వే చేయాలి. భుజాన సంచీ, అందులో జ్వరం చూసే తుపాకీ, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే చిన్న మిషను, జ్వరం మాత్రలు, లావుపాటి సర్వే పుస్తకం. పైన ఎండ మాడ్చేస్తుంటే ముఖానికి రెండు మాస్కులు. మాస్కులో నుంచి మాట వినపడదు, గడప బయట నిలబడి అరవాలి. సాయంత్రానికి గొంతు పోయేది, కాళ్ళు పీకేవి. ఇంటికొచ్చి వాకిట్లోనే నీళ్ళు పోసుకుని, అన్నం కంచం ముందు పెట్టుకుని కూర్చుంటే ముద్ద ఎత్తడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఒకరోజు ఒక ఇల్లాలు తలుపు సగం తీసి అడ్డంగా నిలబడింది.

"మా ఇంట్లో ఎవురికీ ఏం లేదమ్మా. అందురూ బాగుండాము. నువ్వు పో."

లోపల ఎవరో పేగులు తెగేటట్టు దగ్గుతున్నారు.

"మరి ఆ దగ్గేదెవురు?"

"అదా... కొట్టంలో సీమావు. నిన్నటి నుంచీ దానికి గొంతు బాగలేదు."

"మీ సీమావు 'ఒసేయ్, నీళ్ళు తే' అంటా ఉండాదే! ఎప్పటినుంచి మాట్లాడతా ఉండాది మే?"

ఆమెకు నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపేసుకుంది. నాకూ నవ్వొచ్చింది. నాలుగడుగులు వేశాక ఆ నవ్వు పోయింది. లోపల దగ్గుతున్న ఆమె మొగుడికి షుగరుంది, పోయినేడు గుండె నొప్పి కూడా వచ్చింది.

వాళ్ళను ఊరికే తప్పు పట్టలేను. ఎవరికైనా పాజిటివ్ అని ఫోనుకు మెసేజ్ వస్తే వీధికి అటూ ఇటూ వెదురు కట్టెలు కట్టేసేవాళ్ళు. బ్లీచింగ్ చల్లేవాళ్ళు. పద్నాలుగు రోజులు ఆ వీధి మనుషులు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు. పట్నంలో అయితే ఇంట్లో పడి టీవీ చూస్తారు. మా ఊర్లో ప్రతి కొట్టంలోనూ రెండో మూడో సీమావులుంటాయి. పొద్దున, సాయంత్రం పాలు పిండాల్సిందే. పిండిన పాలు సెంటర్లో పోయాల్సిందే. కట్టెలు కట్టిన వీధి పాలు సెంటర్ తీసుకోదు. మొదటిసారి కరోనాలో కింది వీధికి కట్టెలు కట్టినప్పుడు ఆడవాళ్ళు బిందెలు బిందెలు తెచ్చి కాలవలో పోయడం నేను కళ్ళారా చూశాను. ఒక ముసలామె పోసి, అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత మా ఊర్లో జ్వరం అనే మాటే లేకుండా పోయింది. ఎవరినడిగినా వేడి చేసిందనేవాళ్ళు, ఎండదెబ్బ అనేవాళ్ళు, నిద్ర లేదనేవాళ్ళు. అంగట్లో జ్వరం మాత్రలు మాత్రం మధ్యాహ్నానికే అయిపోయేవి.

ఆ పాల సెంటర్ మా అక్కది. బావ పేరు మీద ఉన్నా నడిపేది అక్కే. వాళ్ళింటి వసారాలోనే క్యాన్లు, తూకం, వెన్న శాతం చూసే మిషను. రెండు పూటలా ఊరు మొత్తం ఆ వసారా మెట్లెక్కుతుంది. అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. నాయన పొలానికి పోతే నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది, నేను బడికి పోనని ఏడిస్తే చంకనేసుకుని బడి దాకా మోసింది అక్కే. నా జడ నేను వేసుకునేదాకా పెళ్ళి వద్దని మొండికేసిందట. అందుకే ఊరందరి మీదా లేచే నా గొంతు అక్క ముందు లేచింది లేదు. అక్క నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తుంది. పిలిచేది.

పరీక్షల బండి మా ఊరి బడి దగ్గరికి వచ్చిన మొదటి రోజు నలుగురొచ్చారు. నలుగురే. ల్యాబు టెక్నీషియను ఆ ప్లాస్టిక్ తొడుగులో చెమటకు నానిపోతూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. నేను మైకులో అరిచాను, ఇళ్ళకు పోయి అరిచాను. మనుషులు పొలాల్లోకి పోయి దాక్కున్నారు. పై నుంచి ఫోను, మీ ఊరి శాంపిల్స్ ఇంతేనా అని. ఆ రోజు తిట్టి తిట్టి, చివరికి బడి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఎవరి కోసమమ్మా ఈ అగచాట్లు అనిపించింది.

రెండోసారి బండి వచ్చేలోపు ఊరి పెద్దలు తమలో తాము ఒక మాటనుకున్నారు. మా ఊర్లో ఏ పనైనా ఇంటికొకరు లెక్క. కాలవ పూడిక తీయాలంటే ఇంటికొకరు. జాతరకు పందిరి వేయాలంటే ఇంటికొకరు. పక్కూర్లో ఎవరన్నా పోతే పలకరించడానికి ఇంటికొకరు. రేషను బియ్యానికి ఒకరు వేలిముద్ర వేస్తే ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే. ఆ లెక్కనే పరీక్షకూ ఇంటికొకరిని పంపాలని తీర్మానించారు. అది నాకు ముందే చెప్పారు కూడా.

"ఇంటికొగరు ముక్కు సూపిస్తాము పాపా. నీ లెక్కా తీరతాది, మా పాలూ నిలబడవు. సరేనా?" అన్నాడు ఒక పెద్దాయన.

జబ్బు ఎవరికుంటే వాళ్ళ ముక్కే చూడాలయ్యా, ఒకరికి చూస్తే ఇంకొకరిది తెలుస్తుందా అని నేను చెప్పాలి. చెప్పడం నా పని. అందుకే నన్ను పెట్టుకున్నారు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ మొన్న నలుగురే వచ్చారు. ఈసారి బడి నిండుతుంది, పై నుంచి ఫోను రాదు, ఒక్క రోజన్నా అరవకుండా ఉండొచ్చు అనుకున్నాను. ముందు భయం పోనీ, తర్వాత మిగతావాళ్ళను ఒక్కొక్కరినీ పట్టుకొస్తానని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. అలిసిపోయిన మనిషికి అబద్ధాలు తొందరగా దొరుకుతాయి.

ఆ రోజు పొద్దున బడి ముందు వరస చూడాలి! ఒక్కొక్క ఇంటి నుంచీ ఉన్నవాళ్ళలో గట్టి మనిషిని ఏరి పంపారు. తలంటుకుని, విభూది పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. ఒకాయన పొద్దున్నే రెండు గ్లాసుల రాగిగంజి తాగి వచ్చానని గొప్పగా చెప్పాడు, అదేదో బలం చూపించే పరీక్ష అయినట్టు. ముక్కులో పుల్ల పెట్టగానే కళ్ళ నీళ్ళొచ్చినా, ఇంటి పరువు కోసం కిక్కురుమనకుండా నిలబడ్డారు. టెక్నీషియను నా వైపు చూసి, "ఏందమ్మా ఇది? అందురూ ఎద్దుల పందేలకు వచ్చినట్టుండారు. జరమొచ్చినోళ్ళు యాడుండారు?" అన్నాడు. వస్తారులే సార్, అన్నాను.

వరసలో అందరికంటే ముందు మా బావ ఉన్నాడు. పాల సెంటరాయనే వచ్చాడంటే మిగతావాళ్ళకు ధైర్యం. అందుకే ఆయన్ను ముందు నిలబెట్టింది నేనే. పుల్ల పెట్టించుకుని, ముక్కు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"అయిపాయ గదా మే. ఇంగ మా ఇల్లు అయిపోయినట్టే."

అక్కకు అప్పటికి మూడు రోజులుగా దగ్గు. ఆ పొద్దున నేను పాలు పోయడానికి పోయినప్పుడు చూశాను. మిషను ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. దాణా దుమ్ము పడింది పాపా, అంది. అంతకు ముందు రోజు బావకు నడుము నొప్పి అని చెప్పి నా దగ్గర జ్వరం మాత్రలు అడిగి తీసుకుంది. నడుము నొప్పి ఉన్న మనిషి క్యాన్లు ఎత్తుతుండగా నేనే చూశాను. అయినా ఇంకో నాలుగు మాత్రలు ఇచ్చి వచ్చాను.

"అక్కను గూడా రమ్మను బావా. ఒగ్గ నిమిషం పని," అన్నాను.

"అది వస్తే సెంటర్ ఎవురు సూస్తారు? పోసేవాళ్ళు బిందెలు పెట్టుకోని నిలబడుండారు. దానికేమి, గట్టిగుండాదిలే."

"సరే," అన్నాను.

ఇంతే. సరే అని, సర్వే పుస్తకంలో వాళ్ళింటి వరసలో బావ పేరు రాసి, లక్షణాలు అన్న గడిలో "లేవు" అని రాశాను. ఆ వెంటనే వెనకాల నిలబడినవాడు మాస్కు గడ్డం కిందికి దించుకున్నాడని వాణ్ణి చెడామడా తిట్టాను.

మూడు రోజులకు మెసేజ్‌లు వచ్చాయి. ఇద్దరికి తప్ప అందరికీ నెగిటివ్. ఊరు పండగ చేసుకుంది. మా ఇల్లు నెగిటివ్, మా ఇల్లు నెగిటివ్ అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ ఇద్దరి వీధికి మాత్రం కట్టెలు కట్టాము. మిగతావాళ్ళు మాస్కులు తీసి జేబులో పెట్టుకున్నారు. బావ ఆ మెసేజ్‌ను పాలు పోయడానికి వచ్చిన ప్రతి మనిషికీ చూపించాడు. అక్క ఆయన పక్కనే నిలబడి, గరిటెతో ప్రతి బిందెలో పాలు ముంచి మిషనులో పోసి, వెన్న ఎంతో గట్టిగా చెప్పేది. రెండు రోజులు గొంతు బొంగురుగా వినపడింది. తర్వాత చెప్పడం మానేసి చీటీ మీద రాసిచ్చింది.

పరీక్ష అయిన ఆరో రోజు పొద్దున నేను పోయేసరికి అక్క బోర్లించిన క్యాను మీద కూర్చుని ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటోంది.  సంచీలో నుంచి మిషను తీసి వేలికి పెట్టబోయాను. అక్క చెయ్యి లాక్కుంది.

"ఈడొద్దు పాపా. అందురూ సూస్తా ఉండారు. లోపలికి పోదాం పా."

లోపల తలుపు మూసి వేలికి మిషను పెట్టాను. ఆక్సిజన్ ఎనభై రెండు. మిషను పాడైందేమో అని నా వేలికి పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది చూపించింది. మళ్ళీ అక్కకు పెట్టాను. ఎనభై ఒకటి.

"అక్కా, పోదాము. బండికి ఫోన్ చేస్తా."

"పాల వ్యాను పోనీ. క్యాన్లు ఎక్కించినాక పోదాము. ఇప్పుడు అంబులెన్సు వాకిట్లోకొస్తే ఊరి పాలన్నీ వాపస్ పంపిస్తారు. ఒగ్గ గంటే కదా."

ఆ గంటా నేను కూర్చున్నాను. ఇది చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఇంకెవరి ఇంట్లోనైనా అయితే జుట్టు పట్టుకునైనా లాక్కుపోయేదాన్ని. అక్క చెప్పింది కాబట్టి, చిన్నప్పుడు అక్క కూర్చోమంటే కూర్చున్నట్టే కూర్చున్నాను. ఆమె వీపు నిమురుతూ, వసారాలో క్యాన్ల మోత వింటూ, వ్యాను హారన్ కోసం ఎదురు చూశాను. వ్యాను వచ్చి పోయాకే ఫోన్ చేశాను.

పలమనేరులో చూసి తిరుపతికి తీసుకుపొమ్మన్నారు. మొగిలి ఘాటు రోడ్డు దిగుతుంటే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిత్తూరు దాటాక ఆ పట్టు వదులైంది. వదులైనప్పుడల్లా నేను అక్కా అక్కా అని గిల్లుతూ పోయాను. కళ్ళు తెరిచి, ఉండాన్లే, అన్నట్టు తలాడించేది. తిరుపతిలో పెద్దాస్పత్రి ముందు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. లోపల ఒక యువ డాక్టరు, కళ్ళ కింద నల్లటి గీతలతో, నిలబడే కాగితం మీద రాసుకుంటున్నాడు.

"జరం ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిది రోజులుంటాది సార్."

"టెస్టు చేయించినారా?"

"ఆమె మొగుడు చేయించుకున్నాడు సార్. నెగిటివ్ వచ్చినాది."

ఆయన పెన్ను ఆపి నా వైపు చూశాడు. "ఆయనకు కాదమ్మా, ఈమెకు."

"లేదు సార్."

"తొమ్మిది రోజులు ఇంట్లో పెట్టుకున్నారా? మీ ఊర్లో ఆశా కార్యకర్త లేదా?"

ఆ రోజు నేను యూనిఫాం చీర కట్టుకోలేదు. ఇంట్లో కట్టుకున్న చీరతోనే బండెక్కాను.

"ఉండాది సార్."

"ఏం చేస్తా ఉండాది మరి?"

"నేనే సార్."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కాగితం మీద ఏదో రాసి, అక్కను లోపలికి తీసుకుపొమ్మని సైగ చేసి, పక్క మంచం దగ్గరికి పోయాడు. ఆయనకూ తిట్టే ఓపిక లేదేమో. ఎవరన్నా ఆ రోజు నా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

నా గుర్తింపు కార్డు చూపిస్తే రోజుకొకసారి తొడుగు వేసి లోపలికి పంపేవాళ్ళు. మిగతా పొద్దంతా బయట చెట్టు కింద వేరుశనక్కాయలు అమ్మే ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఊరి నుంచి ఫోన్లు వచ్చేవి. ఈసారి అందరికీ పరీక్ష చేశారు. బావకు పాజిటివ్. మా వీధి మొత్తానికీ, పై వీధికీ కట్టెలు కట్టారు. పాలన్నీ కాలవపాలు. నాకు దగ్గూ జ్వరమూ రాలేదు. అది కూడా నాకు తప్పుగానే అనిపించింది.

మూడో రోజు అక్క కాస్త తేరుకున్నట్టు కనపడింది. నన్ను చూడగానే ముఖం మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపింది.

"సెంటర్?"

"జరగతా ఉండాది అక్కా. బావ సూసుకుంటా ఉండాడు. నువ్వు మాస్కు పెట్టుకో."

పెట్టుకోలేదు.  కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఊర్లో అందురినీ తిడితివే పాపా. నన్నెందుకు తిట్టలేదు?"

 ఊరంతా భయపడే నోరు నాది. మాస్కు పెట్టుకో అక్కా, అని మళ్ళీ అన్నాను. నేనే ఆ మాస్కు సరిగ్గా పెట్టాను. దాని కింద నుంచి ఇంకో మాట అంది, వినడానికి వంగాల్సి వచ్చింది.

"తిట్టింటే వచ్చుందును."

నర్సు వచ్చి టైమైందని బయటికి పంపేసింది. మరుసటి రోజు మధ్యాహ్నం అక్క పోయింది. ఇంటికి తీసుకుపోనివ్వలేదు. బావ కట్టెల వెనకాల ఉన్నాడు, రాలేకపోయాడు. మా ఇంటి తరఫున, అక్క ఇంటి తరఫున, ఊరి తరఫున కాటికి ఆమె వెంట పోయింది నేనొక్కదాన్నే.

తిరిగొచ్చాక నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నువ్వేం చేస్తావు పాపా, నువ్వు మొత్తుకుంటూనే ఉంటివి, మేమే వినలేదు, అన్నారు. బావ కూడా అదే అన్నాడు. వాళ్ళతో నేను మొత్తుకున్న మాట నిజమే. అక్క దగ్గర మొత్తుకోలేదు. నేను రమ్మంటే అక్క రాకుండా ఉండేది కాదు. నేను బడికి పోనని ఏడిస్తే మోసుకుపోయిన మనిషి, ఆ బడి దాకా నాతో నడిచి రాదా? నేను అడగలేదు.